కనుమ నాడు బూదికనమకు

"కనుమ నాడు కాకి కూడా కదలదు. మీరిద్దరూ ఎక్కడికి బయల్దేరినారు?" అని మా అక్క గుమ్మంలోనే అడ్డం పడింది. బావ అప్పటికే బండి స్టార్ట్ చేసేశాడు. "కనుమ నాడు కనమకే పోతాన్నాం" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు, నాకూ అప్పటికి పూర్తిగా కాలేదు.

బళ్ళారి నాకు కొత్త ఊరేం కాదు. 1953లో ఈ ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసిపోయినా ఇక్కడ సగం బజారు తెలుగులోనే నడుస్తుంది. ఏటా వస్తాను, కోట ఉన్న కొండను కిందినుంచి చూస్తాను, ఉగ్గాని బజ్జీ తింటాను, వెళ్ళిపోతాను. పక్కనే నాలుగైదు వేల ఏళ్ళ నాటి మనుషుల జాడలున్నాయని బావ చెప్పేదాకా తెలీదు.

ముందు సంగనకల్లు. ఊరికి దగ్గరే. అక్కడి పెద్దకొండను హిరేగుడ్డ అంటారు. గులకరాళ్ళ మీద జారుతూ, చెప్పులు వేసుకొచ్చినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ ఎక్కాను. పైన నల్లరాయి పెచ్చులు ఎక్కడ చూసినా కుప్పలే. కొత్త రాతియుగంలో ఇది గొడ్డళ్ళ కార్ఖానా. కొండలో చారలా పోయే డోలరైట్ రాతిని పగలగొట్టి, చెక్కి, బండ మీద నూరేవాళ్ళు. నూరీ నూరీ పడిన గాడులు ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో అరచెయ్యి పెట్టాను. మా అమ్మమ్మ ఇంటి సన్నికల్లు మధ్యలో ఉండే నున్నదనమే.

పక్కనే కప్పగల్లు వైపు నల్లగుండ్ల మీద పొడవు కొమ్ముల ఎద్దుల బొమ్మలు. రాతిని పొడిచి పొడిచి గీసినవి. కొన్ని గుండ్లకు సొట్టలున్నాయి, బొటనవేలు ఆనేంత లోతు. బావ చిన్న రాయి తీసుకుని ఒక సొట్టలో మెల్లగా తట్టాడు. ఠంగుమంది! గుడిగంటకీ కమ్మరి దాగలికీ మధ్య మోత. ఇంకోసారి కొట్టమని అడగబోయి ఆగాను; వచ్చిన ప్రతివాడూ నాలాగే అడిగితే ఎట్లా? పండగ కాబట్టి చుట్టుపక్కల కంకర క్వారీలు మూగగా ఉన్నాయి. మామూలు రోజైతే ఈ మోత వినపడేదా అని అనుమానం.

మధ్యాహ్నం టౌన్‌లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే తెల్లదొర, పాత రాతిపనిముట్లు వెతికిన భూగర్భ శాస్త్రవేత్త, ఆయన పేరిట ఉన్న మ్యూజియం ముందునుంచే పోయాం. ఆకలి మీదున్నాం, లోపలికి పోలేదు.

అసలు పని కుడితినిలో, పాతకాలపు బూడిద దిబ్బ ఒకటి చూడ్డం. హొస్పేట రోడ్డు మీద పడమరగా పోతే ముందు కనిపించేది థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. అది దాటాక రోడ్డు పక్కన ఒక మట్టి గుట్ట కనపడగానే నేను ఫొటోలు మొదలెట్టాను. అరడజను తీశాక బావ నింపాదిగా, "అది రోడ్డోళ్ళు పోసిన మట్టి సామీ" అన్నాడు.

అసలుది చూశాక ఇక పొరబడే వీలు లేదు. బోడిగా, బూడిద రంగులో ఒక దిబ్బ. తెగిన చోట పొరలు పొరలుగా కనిపిస్తుంది: తెల్లటి మెత్తటి బూడిద, దాని మీద నల్లగా కరిగి గట్టిపడిన చిట్టెం, మళ్ళీ బూడిద. కింద రాలిన చిట్టెం ముక్క ఒకటి తీసి చూశాను. చిల్లులు చిల్లులుగా, గాజులా మెరుస్తోంది, బరువే లేదు. జేబులో వేసుకోబోయి బావ చూపు చూసి అక్కడే పెట్టేశాను.

పాతవాళ్ళు ఈ చోటుని బూదికనమ అన్నారు, అంటే బూడిద కనుమ; ఈ కనుమ పండగ కాదు, కొండల మధ్య దారి. భీముడు చంపిన హిడింబాసురుణ్ణి ఇక్కడే కాల్చారని ఒక కథ. తెల్లదొరలు అగ్నిపర్వతమనీ ఇనుప కొలిమనీ ఇంకా ఏవేవో అన్నారు. పేడ అని గట్టిగా పట్టుకున్నవాడు ఫూట్. 1957లో పాలమూరు వైపు ఊట్నూరులో ఇలాంటి దిబ్బనే రేమండ్ ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు పండితుడు తవ్వితే పశువుల దొడ్డికి నాటిన గుంజల గుంతలు దొరికాయి, బూడిదలో గిట్టల అచ్చులతో సహా. అంటే ఇవి మందలు కట్టేసిన దొడ్లు. పేరుకున్న పేడను అప్పుడప్పుడూ కావాలనే కాల్చేవాళ్ళు. ఎందుకంటే, ఏదో పండగకి అయ్యుండొచ్చని ఆల్చిన్ ఊహ. మైసూరు వైపు సంక్రాంతికి ఇప్పటికీ ఎడ్లను మంటల మీదుగా దూకిస్తారు. ఇంట్లో ఒక్క పాడిగేదె ఉన్నవాళ్ళెవరైనా ఆ దొరలకు నిమిషంలో చెప్పేవాళ్ళేమో అని నా అల్పబుద్ధి.

దిబ్బ మీద నిలబడితే ఒక పక్క పొగగొట్టాలు. అక్కడ బొగ్గు బూడిద, కాళ్ళ కింద పేడ బూడిద. కింద రోడ్డు మీద కొమ్ములకు రంగులేసి, మెడలో పూసలు కట్టిన ఎడ్లను ఒకాయన తోలుకుపోతున్నాడు. బావ కేకేసి పలకరిస్తే ఆయన తెలుగులోనే, "ఆడేముంది సామీ చూసేకి?" అన్నాడు.

చీకటి పడే వేళకి ఇల్లు చేరాం. ప్యాంట్లు మోకాళ్ళ దాకా తెల్లగా ఉన్నాయి. అక్క చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలోనే ఆపింది.

"ఏమ్రా ఈ బూడిద, ఆ కరెంటు ఫ్యాక్టరీదా?"

"కాదక్కా. పేడది."

"అట్లైతే పర్లేదు, కాళ్ళు కడుక్కోని రాండి."