రాజకీయ పార్టీకి నేనిచ్చిన 60 వేలు

ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ చెబుతాను. పదో తరగతికి సంభావ్యత చెబుతాను. స్టాఫ్‌రూంలో ఎవరి చీటీపాట లెక్క తేలకపోయినా కాగితం నా ముందుకే వస్తుంది. అలాంటివాణ్ణి పదకొండేళ్లపాటు, ఏటా జూలైలో, ఆదాయపు పన్ను రిటర్ను వేయించుకోవడానికి, ఫారం-16ని (ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపిస్తూ ఆఫీసు ఇచ్చే కాగితం) ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, జిరాక్స్ షాపు పక్కన మెట్లెక్కి, నా జీతం లెక్క ఆడిటరు గారికి అప్పజెప్పి వచ్చేవాణ్ణి. మొదట్లో 300 తీసుకునేవారు. తర్వాత 500 అయింది, చివరికి 800.

ఆడిటరు అంటున్నాను గానీ, బోర్డు మీద ట్యాక్స్ కన్సల్టెంట్ అనే ఉండేది. మా గుంటూరు వైపు పన్ను కాగితం ముట్టుకున్నవాళ్లంతా ఆడిటర్లే. ఆయన సీఏ చదివారా లేదా అని నేనెప్పుడూ అడగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించేవారు. లోపల ఒక కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని గంటకి పదిమంది టీచర్ల రిటర్నులు వేసేవాడు. నాకు మిగిలేది ఒక అక్నాలెడ్జ్‌మెంట్ కాగితం. దాన్ని బీరువాలో పెట్టేసి ఏడాదిపాటు మర్చిపోయేవాణ్ణి.

ఎందుకు వెళ్లేవాణ్ణంటే, భయం. లెక్కంటే కాదు, నోటీసంటే. ఏ గడిలో ఏం తప్పు పడుతుందో, ఇంటికి ఏ కాగితం వస్తుందో అని. 2021 జూన్‌లో పన్ను శాఖ కొత్త పోర్టల్ వచ్చినప్పుడు నేనే వేసుకుందామని ఒకసారి ప్రయత్నించాను కూడా. అప్పట్లో అది తెరుచుకోవడమే గగనం. రెండు రాత్రులు తిరిగే చక్రాన్ని చూసి, మూడోరోజు మళ్లీ మెట్లెక్కాను.

2024 జూలైలో ఆ కుర్రాడు, "ఈసారి ఎంతో కొంత వెనక్కి తెప్పిద్దాం మాస్టారూ, వచ్చినదాంట్లో పది శాతం మాకు" అన్నాడు. ఎలా తెప్పిస్తావని నేను అడగలేదు. నాకేమీ తెలియదు, నన్ను మోసం చేశారని ఇక్కడ రాసుకోవచ్చు. కానీ అబద్ధమవుతుంది. జీతంలో కోసిన పన్ను ఊరికే వెనక్కి రాదని లెక్కల టీచరుకి తెలియదా? అడిగితే తెలుస్తుందని అడగలేదు. ఆగస్టులో 12,480 రూపాయలు బ్యాంకులో పడ్డాయి. 1,250 ఫోన్‌పే చేశాను. మిగతా దాంతో పాత మిక్సీ మార్చాం.

ఏడాది గడిచింది. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా దాదాపు 150 చోట్ల తనిఖీలు మొదలుపెట్టింది. వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటివాళ్లనే: లేని మినహాయింపులు చూపించి, రీఫండు తెప్పించి, అందులో వాటా తీసుకునేవాళ్లని. శాఖ ప్రకటనలో ఒక మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. ఈ పని చేసేవాళ్లు రిటర్నుల కోసమే తాత్కాలికంగా ఈమెయిళ్లు సృష్టించి, తర్వాత వాటిని వదిలేస్తారట. నోటీసులు ఆ మెయిళ్లకి వెళ్లి, చదివే దిక్కు లేక పడి ఉంటాయట.

నా రిటర్నుకి ఏ మెయిల్ ఇచ్చారు? పదకొండేళ్లలో ఒక్కసారి కూడా రాని ప్రశ్న అది.

ఆ రాత్రే లాగిన్ అవుదామని కూర్చున్నాను. పాస్‌వర్డ్ నా దగ్గర లేదు. మర్చిపోయాను అని నొక్కితే ఓటీపీ పంపామంది. నా ఫోను మోగలేదు. ఆ నంబరు చివరి అంకెలు చూస్తే నావి కావు. నా పాన్, నా జీతం, నా పన్ను. తలుపు తాళం మాత్రం జిరాక్స్ షాపు పైన. చివరికి ఆధార్‌కి లింకైన ఫోనుకి ఓటీపీ తెప్పించుకునే దారి కనిపించింది. ఆ నంబరు నాదే కాబట్టి లోపలికి వెళ్లగలిగాను. ముందు ప్రొఫైల్లో ఫోను, మెయిల్ మార్చాను. ఆ తర్వాతే వేసిన రిటర్ను డౌన్‌లోడ్ చేశాను.

80సి కింద, అంటే పీఎఫ్, ఎల్ఐసీ లాంటి పొదుపులకిచ్చే మినహాయింపు, లక్షన్నర సరిగానే ఉంది. అద్దె మినహాయింపు సరిగానే ఉంది. కింద ఇంకో వరుస. 80జీజీసీ, 60,000.

ఆ సెక్షన్ ఏమిటో వెతికి చూశాను. రాజకీయ పార్టీకి ఇచ్చిన విరాళం. మా ఆవిడని పిలిచి చూపించాను. "ఏ పార్టీకండీ?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుడి హుండీలో వంద వేయడానికే జేబు తడుముకునేవాణ్ణి, 60 వేలు పార్టీకి సమర్పించుకున్న దాతనయ్యాను. పైగా ప్రభుత్వ ఉద్యోగిని. సర్వీసు నిబంధనల ప్రకారం మేం పార్టీలకు చందాలివ్వకూడదు. అంటే ఆ గడి అబద్ధమైతే పన్ను ఎగవేత, నిజమైతే నిబంధనల ఉల్లంఘన. ఎటు తిప్పినా నేనే ముద్దాయిని.

పొద్దున్నే ఆడిటరు గారికి ఫోన్ చేశాను. "ఏం కాదండీ మాస్టారూ, అందరికీ అలాగే వేశాం" అన్నారు. ఆ మాటతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె విజయవాడలో సీఏగా ప్రాక్టీసు చేస్తోంది. సిగ్గు చంపుకుని ఆమెకి చెప్పాను. అంతా విని, "నోటీసు రాలేదు కదా మాస్టారూ? అయితే ఇంకా మన చేతిలోనే ఉంది" అంది. తప్పు మనమే ఒప్పుకుని అప్‌డేటెడ్ రిటర్ను వేసుకోవచ్చట. అసెస్‌మెంట్ ఏడాది (జీతం తీసుకున్న ఆర్థిక సంవత్సరం తర్వాతిది) ముగిశాక మొదటి 12 నెలల్లో అయితే కట్టాల్సిన పన్ను, వడ్డీల మీద 25 శాతం అదనం. ఆ తర్వాతి ఏడాదిలో అయితే 50. శాఖే పట్టుకుంటే, తప్పుడు సమాచారం కింద జరిమానా పన్నుకి 200 శాతం దాకా పోతుంది. "మిగతావి మీరే చేసుకోగలరు గానీ, ఇది మాత్రం నన్ను చేయనివ్వండి" అంది. ఫీజు వద్దంది. అది కుదరదని 2,000 పంపాను. అన్నేళ్లలో తెలివికి డబ్బిచ్చింది అదొక్కసారే. అంతకుముందు ఇచ్చిందంతా టైపింగ్ కూలి.

లాభనష్టాల అధ్యాయంలో పెట్టదగ్గ లెక్క ఇది. వచ్చింది 12,480. కమీషన్ పోగా చేతికి మిగిలింది 11,230. తిరిగి కట్టింది, వడ్డీ పక్కన పెట్టినా, 25 శాతం అదనంతో 15,600. నష్టం 4,370. ఆడిటరు గారి 800, సీఏ అమ్మాయి 2,000, మా నిద్ర ఇందులో కలపలేదు.

అసలు ఉక్రోషం ఇంకోటి. జీతం మీద పన్నుకి రెండు పద్ధతులున్నాయి: మినహాయింపులు చూపించుకునే పాతది, మినహాయింపులు దాదాపు లేకుండా తక్కువ రేట్లుండే కొత్తది. పాత రిటర్ను ముందు పెట్టుకుని ఊరికే కొత్త పద్ధతిలో లెక్క వేసి చూశాను. ఆ ఏడు నా మొత్తం జీతం 10,40,000. పాత పద్ధతిలో, దొంగ విరాళం తీసేస్తే, పన్ను 70,740. కొత్త పద్ధతిలో జీతగాళ్లందరికీ ఇచ్చే 50 వేలు స్టాండర్డ్ డిడక్షన్ తప్ప ఏ మినహాయింపూ లేకుండా 60,840. తేడా 9,900. ఫిబ్రవరిలో హెడ్మాస్టరు గారికిచ్చే షీటులో అందరితోపాటు నేనూ అలవాటుగా పాతదే రాశాను. ఎల్ఐసీ ఉంది, పీఎఫ్ ఉంది, పాతదే లాభమని గుడ్డి నమ్మకం. కానీ మాలాంటి జీతగాళ్లు రిటర్ను వేసేటప్పుడు పద్ధతి మార్చుకోవచ్చు. గడువులోగా వేసి ఉంటే ఆ 9,900 న్యాయంగా వెనక్కి వచ్చేవి. ఆడిటరు గారి ఆఫీసులో అది చెప్పినవాళ్లు లేరు. చెప్పాలంటే కూర్చుని నా లెక్క చూడాలి. గంటకి పది రిటర్నుల్లో ఎవరు చూస్తారు? పార్టీ విరాళం గడి నింపడం అర నిమిషం పని.

ఇక 2025లో వేయాల్సిన రిటర్ను. ఆగస్టు రెండో వారంలో నేనే కూర్చున్నాను. ముందు ఏఐఎస్ తెరిచాను, అంటే మన ఆదాయాల గురించి పన్ను శాఖ దగ్గరున్న వార్షిక చిట్టా. ఇది చూడనివాళ్లు తప్పక చూడండి. మన గురించి ఇంట్లోవాళ్లకంటే దానికే ఎక్కువ తెలుసు. నేను మర్చిపోయిన ఎఫ్‌డీ వడ్డీ 14,200, సేవింగ్స్ ఖాతా వడ్డీ 1,860, రెండూ పైసలతో సహా ఉన్నాయి. ఫారం-16లో ఇవి ఉండవు. మా ఆఫీసుకి నా జీతమే తెలుసు గానీ నా బ్యాంకు తెలియదు కదా. ఆడిటరు గారి రిటర్నుల్లో ఈ వడ్డీలు ఎప్పుడూ కనబడలేదు. నేనూ చెప్పలేదు.

మాలాంటి జీతగాళ్లు వేసే రిటర్ను ఫారం ఐటీఆర్-1. అందులో జీతం, పన్ను కోత అన్నీ ముందే నింపి ఉన్నాయి. ఫారం-16తో ఒక్కో అంకె పోల్చి చూసుకున్నాను. వడ్డీలు కలిపితే అదనంగా 2,510 కట్టమంది. పదకొండేళ్ల తర్వాత సొంతంగా రిటర్ను వేస్తే దక్కిన మొదటి ఫలం అది! నెట్ బ్యాంకింగ్‌లో కట్టి, చలానా వివరాలు ఎక్కించి, సబ్మిట్ చేసి, ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేశాను. ఈ చివరిది మర్చిపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే. 30 రోజుల్లో వెరిఫై చేయని రిటర్ను గడువులోగా వేసినట్టు లెక్కకు రాదు. అన్నీ కలిపి గంటన్నర పట్టింది, మధ్యలో కరెంటు పోయిన ఇరవై నిమిషాలతో సహా. పదకొండు రోజులకి, లెక్క తేల్చామని శాఖ పంపే ఇంటిమేషన్ మెయిల్ వచ్చింది, ఈసారి నా మెయిల్‌కే. చిన్న అక్షరాల్లో పాన్, దాని వెనక పుట్టినతేదీ కొడితే ఆ ఫైలు తెరుచుకుంటుంది. కట్టాల్సింది సున్నా, రావాల్సింది సున్నా.

అలాగని సీఏల అవసరం లేదనను. మా ఆవిడ పేరిట ఉన్న 2009 నాటి స్థలాన్ని అమ్మే ఆలోచన ఉంది. 2024 జూలై 23కి ముందు కొన్న స్థలం గనక, ఇండెక్సేషన్ (కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి చూడటం) లేకుండా లాభం మీద 12.5 శాతమా, ఉంటే 20 శాతమా అని రెండు రకాలుగా లెక్క వేసుకుని ఏది తక్కువైతే అది కట్టుకోవచ్చట. ఆ డబ్బు ఇంటిమీద పెడితే ఇంకో లెక్క. అది ఐటీఆర్-1 పని కాదు, నా పనీ కాదు. దస్తావేజుల నకళ్లు ఇప్పటికే విజయవాడ చేరాయి.

ఈ సంగతంతా స్టాఫ్‌రూంలో దాచలేదు. దాంతో సెప్టెంబరు రెండో వారానికి నా బల్ల చిన్న ఆడిటరు ఆఫీసైంది. ఆ ఏడు గడువు 15 కదా. (ఆ రాత్రి పొద్దుపోయాక ఇంకొక్క రోజు పొడిగించారు, అది వేరే సంగతి.) నేను పెట్టిన షరతు ఒకటే: ఫోను మీది, మెయిల్ మీది, మీరే నొక్కాలి, నేను పక్కన కూర్చుంటాను. సైన్సు టీచరుగారికి 12 ఏళ్ల సర్వీసుకిచ్చే స్కేలు బకాయిలు ఆలస్యంగా ఒకేసారి పడ్డాయి. బకాయిలన్నీ ఒకే ఏడాదిలో పడి పెరిగిన పన్ను తగ్గాలంటే, అంటే సెక్షన్ 89 రిలీఫ్ రావాలంటే, రిటర్నుకంటే ముందు ఫారం 10ఈ వేయాలి. వేయకుండా రిలీఫ్ అడిగితే కొట్టేస్తారు. ఆ ఫారంతోనే మా ఇద్దరికీ ఒక ఆదివారం సరిపోయింది. డ్రిల్లు మాస్టారికి ఇంకో తంటా. జీతంలో పన్ను కోశారు గానీ, మన పేరిట జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో కనబడటం లేదు. తీరా చూస్తే, జీతాల్లో కోసిన పన్ను వివరాలతో ఆఫీసు వేసిన 24క్యూ అనే ఫారంలో ఆయన పాన్‌లో ఒక అక్షరం తప్పు. దాన్ని ఆయనా సరిచేయలేడు, నేనూ చేయలేను, వెయ్యి రూపాయలిచ్చినా ఏ ఆడిటరూ సరిచేయలేడు. కోసిన ఆఫీసే కరెక్షన్ వేయాలి. హెడ్మాస్టరు గారి గది ముందు రెండు రోజులు నిలబడ్డాడు పాపం.

2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు కలిపితే మాలాంటివాళ్లకి 12,75,000 జీతం దాకా సున్నా. మా స్టాఫ్‌రూంలో సగంమందికి ఇక చూపించుకోవాల్సిన మినహాయింపులే లేవు, దొంగవైనా సరే. జిరాక్స్ షాపు పైన ఇక జూలై వస్తే ఏం చెబుతారో చూడాలి. రిటర్ను మాత్రం వేయాల్సిందే. పన్ను సున్నా అయితే రిటర్ను అక్కర్లేదని మావాళ్లు కొందరు అప్పుడే సంబరపడుతున్నారు.

చివరిరోజు సాయంత్రం హిందీ పండిట్ గారు వచ్చారు. బడి గంట కొట్టేశారు, గేటు దగ్గర వాచ్‌మన్ తాళం పట్టుకుని నిలబడ్డాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒక్కో అంకె పైకి చదువుతూ అన్నీ తనే నొక్కారు. ఓటీపీ కొట్టేముందు ఆగి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఏమైనా వెనక్కి వస్తుందా మాస్టారూ?"

రీఫండు గడిలో సున్నా ఉంది. వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు కిందికి దించుకుని ఇంకోసారి చూసి, ఓటీపీ కొట్టారు.