వెదుళ్ల మధ్య తకిట

మెట్లెక్కి పైకి రాగానే గుప్పుమని ఎండుచేపల వాసన. వారం రోజులుగా సియోల్‌లో నువ్వుల నూనె వాసనకే అలవాటుపడ్డ నా ముక్కు ఒక్కసారిగా శ్రీకాకుళం సంతకు వెళ్లిపోయింది. "నీకోసమే ఇక్కడికి తీసుకొచ్చా అక్కా," అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

నాలుగో లైను మెట్రోలో హేహ్వా స్టేషన్ అది. అక్కడి కాథలిక్ చర్చిలో ఆదివారం తగలోగ్ భాషలో ప్రార్థన ఉంటుంది. ఊరి నలుమూలల నుంచీ, చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచీ ఫిలిప్పీన్స్ వాళ్లు వస్తారు. వాళ్లు వచ్చేచోట సంత వెలిసింది. ఆ ఫుట్‌పాత్‌ని 'లిటిల్ మనీలా' అంటారు. అరటిపండును పల్చటి పిండిరేకులో చుట్టి, పంచదార పాకం పట్టేలా వేయించిన తురోన్ రెండు కొన్నాం. పిండం ఎదిగిన బాతుగుడ్డును ఉడికించి అమ్ముతారు, దాన్ని బలుత్ అంటారు. అది చూసి తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. నేనూ తినలేదులెండి.

అది 2024 వసంతకాలం. కొరియా, ఫిలిప్పీన్స్ మధ్య దౌత్య సంబంధాలు 1949 మార్చి 3న మొదలయ్యాయి కాబట్టి, ఆ ఏడాదికి 75 ఏళ్లు. ఆ సందర్భంగా తమ్ముడి ఆఫీసులో పనిచేసే ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి వాళ్ల బృందం, ఇక్కడి డప్పుల బృందం కలిసి దగ్గర్లోని చిన్న హాల్లో కార్యక్రమం పెట్టుకున్నారు. ఆ అమ్మాయి నన్ను చూడగానే "ఆతే" అంది. అంటే అక్క అని. వరస కలపకుండా మాట మొదలుపెట్టకపోవడం చూసి, మనవాళ్లే అనిపించింది.

ఉపన్యాసాల గురించి చెప్పడానికి ఏమీ లేదు. మైకు రెండుసార్లు పోయింది, ఎవరూ బాధపడలేదు.

నేను అసలు కదలకుండా కూర్చున్నది వెనక బల్ల దగ్గర. ఒకవైపు కొరియా పెద్దావిడ మోసి అనే గుడ్డ పరిచింది. రామీ మొక్క నారతో నేసే ఆ గుడ్డకు హన్సాన్ పేరుపొందిన ఊరు. పక్కనే ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ అనాస ఆకు నారతో నేసిన పిన్యా గుడ్డ తెచ్చింది. అది కలిబో వైపు నేత. రెండూ అంతే పల్చన, అంతే బిరుసు. కళ్లు మూసుకుని తడిమితే ఏది ఏదో నాకైతే తెలియలేదు. హన్సాన్ నేత 2011లో, పిన్యా నేత 2023లో యునెస్కో జాబితాకెక్కాయి.

పెద్దావిడ ఎండిన నార పోగొకటి తీసి, తడిపి, కింది పళ్ల మధ్య పెట్టి సర్రున చీల్చింది. మళ్లీ ఆ చీలికను చీల్చింది. వెంట్రుకంత సన్నం అయ్యేదాకా చీలుస్తూనే ఉంది. అలవాటు లేనివాళ్లకు పెదవులు తెగి రక్తం వస్తుందట. అలా చీల్చి చీల్చి పళ్లకు గాడి పడుతుందని, ఒక పనిలో ఆరితేరడం గురించి కొరియాలో వాడే నానుడి దాన్నుంచే వచ్చిందని చెబుతారు. రెండో ఆవిడ పళ్లు వాడదు. అనాస ఆకును పగిలిన పింగాణీ ముక్కతో గీకితే ముతక నార వస్తుంది, దానికింద సన్న నారను కొబ్బరి చిప్పతో గీకుతారు. తర్వాత పోగుకు పోగు చేత్తో ముడివేస్తారు.

మా అమ్మమ్మది పొందూరు. అక్కడ ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ మాట చెబితే ఇద్దరూ నమ్మలేదు. ఫోన్లో ఫొటో చూపించాక పెద్దావిడ తమ్ముడితో ఏదో అంది. "చేప నోరైతేనేం, మనిషి నోరైతేనేం, పళ్లే కదా అంటోంది," అని చెప్పాడు వాడు.

ఇంతలో వెదుళ్ల చప్పుడు. తినిక్లింగ్ అనే ఫిలిప్పీన్స్ నాట్యం మొదలైంది. ఇద్దరు కింద కూర్చుని రెండు పొడుగాటి వెదుళ్లు పట్టుకుంటారు. రెండుసార్లు నేలకేసి కొట్టి, మూడోసారి ఒకదానికొకటి తాటిస్తారు. ఆ మధ్యలో కాలు పెట్టి తీయాలి. ఉచ్చుల్ని తప్పించుకుంటూ గెంతే తిక్లింగ్ పిట్ట నడకట అది. ఉన్నట్టుండి రికార్డు ఆగిపోయింది. డప్పుల బృందంలో ఒకతను జాంగు ముందేసుకున్నాడు. నడుము సన్నగా ఉండి పెద్ద డమరుకంలా ఉంటుంది అది. కాసేపు విని, కుడిచేతి సన్న వెదురుపుల్లతో సెమాచి అనే తాళం అందుకున్నాడు. కొరియా జానపద పాట అరిరాంగ్ పాడే లెక్కే అది, మూడు దెబ్బలది. వెదుళ్లు దాని మీద పడి కూర్చున్నాయి. రిహార్సల్ లేదు, ఒకరి భాష ఒకరికి రాదు. నా నోట్లో మాత్రం చిన్నప్పటి సంగీతం టీచర్ తిశ్రం తిరుగుతోంది: తకిట, తకిట.

తకిట వచ్చు కదా అని నేనూ దిగాను. నాలుగో ఆవర్తనంలో చీలమండకు తగిలింది. ముందు వరసలో కూర్చున్న కొరియా తాతగారొకాయన లేచి తన కుర్చీ నాకిచ్చాడు.

ఆ తాతగారు హాల్లో కనిపించిన ప్రతి ఫిలిప్పీన్స్ కుర్రాడి చేతినీ రెండు చేతులతో పట్టుకుని వదిలేవాడు. ఎందుకో నేను ఎవరినీ అడగనక్కర్లేకుండా, ముందురోజే యుద్ధ స్మారకం చూసొచ్చాను. కొరియా యుద్ధానికి ఫిలిప్పీన్స్ 7,420 మందిని పంపింది. 112 మంది పోయారు. 1951 ఏప్రిల్‌లో యుల్‌తోంగ్ దగ్గర తమకన్నా ఎంతో పెద్ద చైనా సేనకు ఎదురు నిలిచింది వాళ్లే. తర్వాత ఫిలిప్పీన్స్ అధ్యక్షుడైన ఫిదెల్ రామోస్ కూడా కొరియా యుద్ధంలో కుర్ర ఆఫీసరుగా పోరాడాడు. మన దేశం నుంచి 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ వెళ్లింది, వైద్యం చేయడానికి. ఇప్పుడు ఫిలిప్పీన్స్ వాళ్లు కొరియాకు కూలి కోసం వస్తున్నారు. వాళ్ల ఓవర్‌టైం కష్టాలు సంతలో విన్నవీ ఉన్నాయి. తాతగారి రెండు చేతులు ఒక ఆదివారం సంగతి. సోమవారం ఫ్యాక్టరీలో ఎలా ఉంటుందో అన్న అనుమానం నాకు పోలేదు.

వెళ్లేముందు పెద్దావిడ తను చీల్చిన పోగొకటి కాగితంలో మడిచి ఇచ్చింది. ఇండియా వచ్చాక పొందూరులో పెద్దమ్మకు చూపించి, వీడియో కూడా పెట్టాను. కళ్లజోడు సర్దుకుని మొత్తం చూసింది.

"పళ్లతోనా? అయ్యో, వాళ్లకి వాలుగ చేప దొరకదేంటే?"