తాడు ఫాదర్ గారి జీవితం రాసిన అనుభవం

మా క్యాథలిక్ గుడి ఫాదర్ గారు పోయి ఏడాది తిరిగేలోపు వారి జీవితం మీద ఒక చిన్న పుస్తకం తేవాలని మా విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి, దాని ఊళ్ళు) పెద్దలు అనుకున్నారు. రాసే పని నాకు అప్పగించారు. నేను విజయనగరం జిల్లాలో హైస్కూలు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పెళ్ళి శుభలేఖ మొదలుకొని సన్మాన పత్రం దాకా మా ఊళ్ళో ఏది రాయాలన్నా నా దగ్గరికే వస్తారు. "దీనజన బాంధవులు, మృదుభాషి, సేవాతత్పరులు" అని నాలుగు మాటలు పేర్చితే సన్మాన పత్రం ఒక పూటలో అయిపోతుంది. ఫాదర్ గారి విషయంలో అలా చేయడానికి మనసు ఒప్పలేదు. ఆ మాటలు ఎవరికైనా అతుకుతాయి. పైగా ఆయన మృదుభాషి కానే కాదు.

కుటుంబం కోరిక మీద వారి పేరు ఇక్కడ రాయడం లేదు. పల్లెల్లో అందరూ "తాడు ఫాదరు" అనేవారు కాబట్టి ఆ పిలుపు చాలు.

ఆయన ఫ్రాన్సిస్కన్ సభ (సన్యాసుల సంఘం) గురువు. మన ఉత్తరాంధ్రలో ఈ మాట చెప్పగానే సగం మంది పొరబడతారు. 1846లో విశాఖపట్నం చేరి ఈ ప్రాంతమంతా పనిచేసిన ఆనెసీ (ఇప్పటి ఫ్రాన్సులోని ఊరు) ఫాదర్లు పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిట 1838లో ఏర్పడిన సభవారు. ఆ ఫ్రాన్సిస్ జెనీవా పీఠాధిపతి (బిషప్), 1622లో చనిపోయారు. మా ఫాదర్ గారి సభకు మూలపురుషుడు అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందటి అస్సీసి ఫ్రాన్సిస్. బట్టల వ్యాపారి కొడుకు. పీఠాధిపతి కాదు సరికదా, గురుపట్టం (ఫాదర్‌గా అభిషేకం) కూడా తీసుకోలేదు. మా తాతల కాలం నుంచి తెల్ల అంగీ ఫాదర్లను చూసిన ఊళ్ళకు గోధుమరంగు అంగీ వేసుకుని, నడుముకు మూడు ముడుల తాడు కట్టుకున్న మనిషి కొత్తగా కనపడ్డాడు. ఆ మూడు ముడులు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలకు గుర్తు. పుస్తకంలో మొదటి పేజీలోనే ఈ తేడా వివరంగా రాశాను. అది తెలియకపోతే ఆయన మా వైపు కుష్ఠు రోగుల కాలనీకే ఎందుకు వెళ్ళారో అర్థం కాదు. అస్సీసి ఫ్రాన్సిస్ తన చివరి రోజుల్లో వెనక్కి తిరిగి చూసుకుని, కుష్ఠు రోగుల మధ్యకు వెళ్ళిన దగ్గర్నుంచే తన బతుకు మారిందని చెప్పుకున్నాడు.

ముందుగా తేదీలు కావాలి. వాళ్ళ చెల్లెలు గారు ఒక పుట్టిన రోజు చెప్పారు, స్కూలు సర్టిఫికెట్లో ఇంకోటి ఉంది. మన తరంలో ఇది ప్రతి ఇంటా ఉన్నదే. ఎవరి గురించైనా ఇలాంటి పని పెట్టుకునేవారికి నేను మొదట చెప్పేది, జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందిన విచారణకు వెళ్ళి అక్కడి పుస్తకం చూడండి. శ్రీకాకుళం మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) 1993లో ఏర్పడింది, అంతకుముందు ఇదంతా విశాఖ మేత్రాసనం. కానీ మేత్రాసనాలు మారినా జ్ఞానస్నాన పుస్తకం ఆ విచారణ బీరువాలోనే ఉంటుంది.

విచారణ గురువులు ఆ పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. తోలు అట్ట, అంచులు చెదలు కొట్టిన కాగితాలు, అంతా లాటిన్. ఆయనే చదివి చెప్పారు: బిడ్డ పేరు, పుట్టిన రోజు, తల్లిదండ్రులు, జ్ఞానస్నానంలో బిడ్డకు పూచీగా నిలిచిన జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి. మిగతా వరుసలన్నిటి పక్కన ఖాళీలో సాధారణంగా పెళ్ళి వివరం రాసి ఉంది. ఈ వరుస పక్కన మాత్రం రెండు వేరు వేరు చేతి రాతల్లో, రెండు రంగుల సిరాల్లో, నిత్య మాటపట్టు (సన్యాస వ్రతాలు జీవితాంతం పాటిస్తానన్న ప్రమాణం) తేదీ, గురుపట్టం తేదీ ఉన్నాయి. మనిషి ఎక్కడ సన్యాసం తీసుకున్నా, ఎక్కడ గురుపట్టం పొందినా, ఆ కబురు జ్ఞానస్నానం జరిగిన గుడికి పంపాలి, అక్కడి పుస్తకంలో ఆ పేరు పక్కన ఎక్కించాలి. అది శ్రీసభ (క్యాథలిక్ సంఘం) చట్టం. ఎక్కడో దూర రాష్ట్రంలో జరిగినవి మా మారుమూల విచారణలో, ఆయన పుట్టిన వరుస పక్కనే చేరి కూర్చున్నాయి. ఫొటో తీయొద్దన్నారు. చేత్తో రాసుకున్నాను.

సభ కార్యాలయానికి ఉత్తరం రాస్తే నోవిషియేట్లో (సన్యాసానికి తొలి శిక్షణలో) చేరిన తేదీ, బదిలీల తేదీలు పంపారు. ఫైల్లోని ఉత్తరాలు ఇవ్వలేదు. అది సబబే. ఒక మనిషి తన పెద్దలకు రాసుకున్నది అందరూ చదవాల్సినది కాదు.

ఊళ్ళలో వివరాలు సేకరించడం దీనికి పూర్తిగా భిన్నం. "ఫాదర్ గారు ఏ సంవత్సరం వచ్చారు?" అంటే ఒక్కరూ సంవత్సరం చెప్పరు. "జిల్లా ఏరుపడిన తరవాత" అంటారు, "రామారావు గెలిచిన సంక్రాంతికి" అంటారు, "హుద్‌హుద్‌కి ముందేడు" అంటారు. నేను ఒక కాగితం మీద ఇవన్నీ వరసగా రాసి పెట్టుకున్నాను. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది 1983 జనవరి 9న. హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఈ లెక్కతో జనం చెప్పినవి సరిచూస్తే, సభవారు పంపిన బదిలీ తేదీలతో నెలతో సహా సరిపోయాయి. చదువురాని ముసలివాళ్ళ జ్ఞాపకం మీద నాకు గౌరవం పెరిగింది.

రామారావు గెలిచిన సంక్రాంతికి ఆయన వచ్చింది కాలనీకి. అదే 1983లో మన దేశంలో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. అంతవరకూ ఏళ్ళ తరబడి ఒక్క డాప్సోన్ మాత్రే గతి. రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ మూడూ కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో చెప్పారు. కొత్త మందులు మా వైపు వచ్చినప్పుడు జనం భయపడిపోయారట. రిఫాంపిసిన్ మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది. క్లోఫాజిమిన్ వాడితే ఒళ్ళు నల్లబడుతుంది. జబ్బు కనపడకూడదని మందు వాడుతుంటే, మందే మనిషిని పట్టిస్తోందని చాలామంది మానేశారు. నెలకొకసారి మాత్ర ఎదురుగా ఉండి మింగించాలి. గవర్నమెంటు ఉద్యోగి సైకిల్ మీద వస్తే, ఫాదర్ గారు ఆయన వెంట ఇల్లిల్లూ తిరిగేవారు. మానేసినవాళ్ళని కేకలేసేవారు. ఒక తాత నాతో అన్నాడు, "ఆ తిట్లు తినలేక మింగీసినాను మాస్టారూ. ఏళ్ళు ఏళ్ళుగానే ఉండిపోనాయి."

చేతివేళ్ళు చూపించాడు. పదీ ఉన్నాయి.

ఆయన గదిలో మిగిలిన సామాన్లు చాలా తక్కువ. రెండు అంగీలు, తాడు, ప్రార్థన పుస్తకాలు, జపమాల, కళ్ళజోడు. వీటితో పాటు ఒక పొడుగాటి అకౌంటు పుస్తకం ఉంది. లెక్కలేమో అనుకుని తెరిచాను. ప్రతి పేజీలో ఒక పాదం ఉంది. మనిషిని పేజీ మీద నిలబెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసిన ఆకారం. వేళ్ళు అరిగిపోయిన పాదాలు, పక్కకు వంగినవి, మడమ తప్ప ఏమీ మిగలనివి. ఒక్కోదాని పక్కన పేరు, తేదీ, "ఎడమ మడమ పుండు", "బొటనవేలి కింద మెత్త ఎక్కువ వెయ్యాలి", "వెనక పట్టీ లేకపోతే జారిపోతుంది" వంటి మాటలు. కుష్ఠు వల్ల పాదానికి స్పర్శ పోతే ముల్లు దిగినా తెలియదు, నడుస్తూనే ఉంటారు, పుండు ఎముక దాకా పోతుంది. అందుకని మైక్రో సెల్యులార్ రబ్బరు వేసి, మేకులు లేకుండా చెప్పులు చేయించాలి. ఆ కొలతలన్నీ ఆయన స్వయంగా తీసినవి. నాకు ఆ పుస్తకం ముందు చాలాసేపు మాట రాలేదు. ఆయన డైరీ రాయలేదని, ప్రసంగాలు కూడా దాచుకోలేదని అప్పటిదాకా బాధపడుతున్నాను.

అందులో ఒక పాదం తాలూకు అమ్మ ఇంకా ఉంది. చోడి అంబలి గ్లాసు నా చేతికిచ్చి, తాగేదాకా ఏమీ చెప్పనంది. తర్వాత చెప్పింది. పొద్దున్నే బేసిన్‌లో నీళ్ళు పెట్టి పాదాలు నానబెట్టమనేవారట. నానాక కాయ కాసిన చర్మాన్ని గరుకు రాయితో అరగదీసి నూనె రాయాలి. వేళ్ళు లేని చేతులతో ఆమెకు చేతకాదు. "నా పాదం ఒళ్ళో ఎట్టుకునీవోరు నాయినా. 'వద్దు బాబూ, పాపం నాకొస్తాది' అంటే 'నోరుమూసుకుని కూకో' అనీవోరు" అంది. ఈ మాటను నేను ఆమె అన్నట్టే పుస్తకంలో వేశాను. "నోరుమూసుకుని" తీసేసి "దయచేసి" పెడదామని కమిటీలో ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు.

అసలు గొడవ ఇంకో చోట వచ్చింది. సారా విషయంలో ఫాదర్ గారు ఎవరినీ ఉపేక్షించేవారు కాదు. ఒకాయన్ని పూజ మధ్యలో, అందరి ముందు, పేరు పెట్టి తిట్టారు. ఆయన ఆ ఆదివారం నుంచి మా గుడికి రాలేదు, కుటుంబంతో సహా వేరే సంఘంలో చేరిపోయారు. నేను వెతుక్కుంటూ వెళ్ళి అడిగితే దాచకుండా చెప్పారు: "ఆయన నాకు సారీ చెప్పలేదు మాస్టారూ. నేనూ అడగలేదు. కానీ సమాధి రోజున వచ్చి మట్టి వేశాను." ఇది రాయకూడదని మా పెద్దల్లో చాలామంది పట్టుబట్టారు. చనిపోయినవారి గురించి మంచే చెప్పాలి కదా అని వారి బాధ. నా వాదన ఒకటే. కాలనీలో మాత్రలు మింగించిన కోపమూ, ఆ ఆదివారం ఒక కుటుంబాన్ని దూరం చేసిన కోపమూ ఒకే మనిషివి. ఒకటి పొగిడి ఇంకోటి దాచితే చదివేవాళ్ళకు ఆయన దొరకరు. కొన్నాళ్ళు టెన్షన్‌గానే గడిచింది. చివరికి ఆ మనిషి పేరు లేకుండా, ఆయన అనుమతితో వేశాం.

దైవపిలుపు గురించిన అధ్యాయం అన్నిటికన్నా కష్టమైంది. ఫ్రాన్సిస్కన్ గురువు కావడం ఒక్క రోజు నిర్ణయం కాదు. అభ్యర్థిగా కొన్నాళ్ళు, కనీసం పన్నెండు నెలల నోవిషియేట్, ఆ తర్వాత తాత్కాలిక మాటపట్టు. ఏళ్ళ తరబడి తత్వశాస్త్రం, దైవశాస్త్రం. నిత్య మాటపట్టు, డీకన్ పట్టం, చివరికి గురుపట్టం. ఇంట్లో పెద్దకొడుకు ఎస్సెల్సీ పాసై ఈ దారి పట్టాడు. నాన్న గారు రైతు. ఆయన కొడుకుతో మాట్లాడడం మానేశారు. నిత్య మాటపట్టుకు ముందు సన్యాసి తన ఆస్తి వదులుకోవాలి. ఫాదర్ గారు తన వాటా పొలం తమ్ముడికి రాసిచ్చిన స్టాంపు కాగితం ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. సాక్షి సంతకం నాన్నగారిదే. మాట్లాడని మనిషి వచ్చి సంతకం పెట్టారు.

వాళ్ళ చెల్లెలు గారు నన్ను చాలాకాలం పరీక్షగా చూసి, ఒక రోజు ఇనప్పెట్టెలోంచి ఇన్లాండ్ ఉత్తరాల కట్ట తీశారు. అన్నీ ఆవు ఈనిందా, బావిలో నీళ్ళున్నాయా అనే మాటలే. ఒక్క దానిలో మాత్రం, దైవశాస్త్రం చదువుతున్న రోజుల్లో, తనకు ప్రార్థనలో ఏమీ వినపడడం లేదని, గురువు కాకుండా ఇంటికి వచ్చేస్తే నాన్న ఏమంటారో మెల్లగా కనుక్కోమని చెల్లెలికి రాశారు.

"కనుక్కున్నారా అమ్మా?" అన్నాను.

"కనుక్కున్నాను బాబూ. 'రమ్మను, పొలం ఎక్కడికీ పోదు' అన్నారు నాన్న. అదే రాసి పంపాను. ఆ తర్వాత వస్తానని ఎప్పుడూ రాయలేదు అన్నయ్య."

దీన్ని వేయొచ్చా అని అడిగాను. రాత్రంతా ఆలోచించుకుని పొద్దున్న ఫోన్ చేశారు. "వేయి బాబూ. సెమినరీలో పిల్లలు చదువుతారు. వాళ్ళకి ధైర్యం ఉంటుంది" అన్నారు. మా పుస్తకంలో ఎక్కువమంది నాతో మాట్లాడింది ఆ పేజీ గురించే.

అచ్చు పని ఇబ్బంది లేకుండా జరిగిపోయింది. డీటీపీ చేసిన కుర్రాడు ఫ్రాన్సిస్ పేరు రెండు రకాలుగా కొట్టాడు, ప్రూఫులో సరిచేశాం. సాంవత్సరిక పూజ రోజున కాపీలు పంచాం. కాలనీ వాళ్ళకు ముందు వరుస కుర్చీలు వేయించింది మా యువత. సభవారు కూడా వచ్చారు. ఫ్రాన్సిస్కన్ మఠాల్లో చనిపోయిన సహోదరుల పేర్ల పుస్తకం ఒకటి ఉంటుంది. ఏ రోజు ఎవరు చనిపోయారో ఆ రోజు వారి పేరు చదివి ప్రార్థిస్తారు. ఫాదర్ గారి పేరు అందులో చేరింది. దానికి కావలసిన నాలుగు వాక్యాలు నన్నే రాసివ్వమన్నారు. మొత్తం పుస్తకం కన్నా ఆ నాలుగు వాక్యాలకు ఎక్కువ సమయం పట్టింది. నాలుగో వాక్యంలో పాదాల కొలతల సంగతి రాశాను.

పాదాల పుస్తకం సభ కార్యాలయంలో భద్రంగా ఉంది. అందులో పేర్లున్నాయి కాబట్టి అందరికీ చూపించరు. ముసలివాళ్ళ మాటల రికార్డింగులు విచారణ గురువుల దగ్గర ఒక కాపీ, నా దగ్గర ఒక కాపీ ఉన్నాయి. 2026 అక్టోబరుకు అస్సీసి ఫ్రాన్సిస్ చనిపోయి 800 ఏళ్ళు. ఆ సందర్భానికి రెండో ముద్రణ వేద్దామంటున్నారు. కాలనీ తొలి రోజుల ఫొటో ఒక్కటి కూడా మాకు దొరకలేదు. అప్పట్లో బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు వైపు కుష్ఠు విభాగంలో ఉద్యోగం చేసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఎవరైనా ఇది చదివితే, ఇంట్లో పాత ఆల్బమ్ ఒకసారి తిరగేయండి. గోధుమరంగు అంగీ మనిషి కనపడితే మీ దగ్గరి విచారణ గుడిలో ఆ ఫొటో చూపించండి, మా దాకా వస్తుంది.