యూరియాతో అల్యూమినా: పేటెంట్ అడ్డుకున్న నా అనుభవం

జీడిమెట్లలో మాది చిన్న యూనిట్. అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్ పొడి చేసి అమ్ముతాం. ఒకరోజు పాత కస్టమర్ ఫోన్ చేసి, "అన్నా, మీరు చేసే పద్ధతికి వేరే కంపెనీ వాళ్లు పేటెంట్ అడిగారట. మీ దగ్గర కొంటే మాకేం ఇబ్బంది రాదు కదా?" అన్నాడు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

18 నెలలు దాటిన దరఖాస్తు కాబట్టి పేటెంట్ ఆఫీసు సైట్‌లో దొరికింది. అందులో మొదటి క్లెయిమ్, అంటే ఫలానా దాని మీద హక్కు కావాలని అడిగే వాక్యం, అచ్చం మా పనే. అల్యూమినియం నైట్రేట్, యూరియా నీళ్లలో కలిపి 500 డిగ్రీల ఫర్నేస్‌లో పెడితే ద్రావణం మరుగుతుంది, నురగ కడుతుంది, ఒక్కసారిగా మంట అంటుకుంటుంది. ఐదు నిమిషాల్లోపే గిన్నె నిండా తెల్లటి నురుగు గడ్డ. చేత్తో నలిపితే పొడైపోతుంది.

పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చని, అది పేటెంట్ చట్టంలో సెక్షన్ 25(1) అని మా పేటెంట్ ఏజెంట్ మేడమ్ చెప్పారు. ఆ అభ్యంతరం ఫారం 7ఎలో రాసి చెన్నై పేటెంట్ ఆఫీసుకి వేశాం. అప్పట్లో దానికి ఫీజు లేదు, 2024 సవరణతో పెట్టారు.

ఆ పద్ధతి ముందే అందరికీ తెలిసినదని చూపించాలి. అందుకని నేను మా బ్యాచ్ రిజిస్టర్లు, చలాన్లు సంచి నిండా తీసుకెళ్లాను. మేడమ్ ఒక్కొక్కటీ తిరగేసి పక్కన పెట్టేశారు. చలాన్‌లో "అల్యూమినా పొడి" అని ఉంది, ఎలా చేశామో లేదు. రిజిస్టర్ మా గోడల మధ్యే ఉండిపోయింది. లోపల గుట్టుగా చేసుకున్న పని అందరికీ తెలిసిన పని కిందకి రాదట. నాకు చాలా బాధేసింది. అన్నేళ్ల పని అది!

కేసు నిలబెట్టింది 1988 నాటి పేపర్. బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో కింగ్స్‌లీ, పాటిల్ అనే శాస్త్రవేత్తలు ఇదే పద్ధతిని 'మెటీరియల్స్ లెటర్స్' పత్రికలో అచ్చు వేయించారు. అదే నైట్రేట్, అదే యూరియా, అదే 500 డిగ్రీలు. క్లెయిమ్‌లోని ఒక్కో మాటకీ ఎదురుగా పేపర్‌లోని వాక్యాన్ని పెట్టి పట్టిక చేశాం. రెండు రాత్రులు పట్టింది.

వీడియో హియరింగ్‌లో అవతలి లాయర్ తమ పొడి ఇంకా సన్నం అన్నారు. ఆ సైజు క్లెయిమ్‌లో ఎక్కడుందని మేడమ్ అడిగారు. లేదు. చివరికి వాళ్లు క్లెయిమ్ కుదించుకుని, యూరియాతో పాటు ఫలానా పాళ్లలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం కలిపే పద్ధతికే పేటెంట్ తీసుకున్నారు. ఆ పాళ్లు వాళ్లు కష్టపడి పట్టుకున్నవే, నాకు అభ్యంతరం లేదు. మేము గ్లైసిన్ వాడం.

ఆర్డర్ కాపీ మొదట ఆ కస్టమర్‌కే పంపాను. ఇప్పుడు చలాన్‌లో ఎలా చేశామో కూడా రాయిస్తున్నాను.