త్యాగయ్యకు ఎదురుగా ఒక దేవదాసి

తంజావూరు నుంచి తిరువయ్యారు 13 కిలోమీటర్లు. దారి పొడవునా వరిచేలు, ఏటి వంతెనలు. బస్సు దిగినవాళ్లలో ఎక్కువమంది పంచనదీశ్వరాలయం వైపు నడిచారు. నేను కావేరి ఒడ్డున ఉన్న త్యాగరాజస్వామి సమాధి దగ్గరికి వెళ్లాను. నిజానికి నా ప్రయాణం ఆయన కోసం కాదు, ఆయనకు ఎదురుగా చేతులు జోడించుకుని కూర్చున్న ఆవిడ కోసం.

ఆవిడ బెంగుళూరు నాగరత్నమ్మ. 1952లో కన్నుమూస్తే ఇక్కడే సమాధి చేసి విగ్రహం పెట్టారు. నేను అక్కడ నిలబడి ఉండగా ఒక తెలుగు కుటుంబం వచ్చింది. ఎవరీవిడ అని భర్త అడిగితే, గుడి కట్టించిన పెద్ద భక్తురాలని భార్య చెప్పింది. నేను ఊరుకోలేక "దేవదాసి కూడానండీ" అన్నాను. ఆయన ముఖం కాస్త ముడుచుకుంది. పిల్లను ముందుకు నడిపించుకుని వెళ్లిపోయారు. భక్తురాలు అంటే అందరికీ ఇష్టమే, రెండో మాట దగ్గరే ఇబ్బంది.

నాగరత్నమ్మకు ఆ ఇబ్బంది ఉన్నట్టు లేదు. 1878లో మైసూరు దగ్గరి నంజనగూడులో పుట్టి, మద్రాసు చేరి, పాటతో బాగా సంపాదించింది. త్యాగయ్య సమాధి పాడుబడిపోయిందని గురువు బిడారం కృష్ణప్ప రాసిన ఉత్తరం చూసి, ఉన్న సొమ్మంతా ఇటు మళ్లించింది. 1921లో మొదలైన గుడికి 1925లో ప్రతిష్ఠ జరిగింది. అంతా చేసినా, ఏటా త్యాగయ్య వర్ధంతికి జరిగే ఆరాధనలో ఆమె పాడడానికి వీల్లేదన్నారు. మగ విద్వాంసులు అప్పటికే పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు ముఠాలుగా చీలి పోట్లాడుకుంటున్నారు. ఆమె 1927లో ఆడవాళ్లతో మూడో ముఠా కట్టి, గుడి వెనక పాడించింది. 1940 ప్రాంతంలో ముగ్గురూ ఒకటయ్యారు. ఇప్పుడు పుష్య బహుళ పంచమి నాడు త్యాగయ్య పంచరత్న కీర్తనలు పాడే గోష్ఠిలో ఆడవాళ్లు వరసలు వరసలుగా కూర్చుంటారు.

నాకు ఆమె మీద గౌరవం కలిగింది మాత్రం ఈ గుడి వల్ల కాదు, ఒక పుస్తకం వల్ల. ఇదే తంజావూరులో మరాఠా రాజు ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని అనే దేవదాసి తెలుగులో 'రాధికా సాంత్వనము' రాసింది. అది సిగ్గుమాలిన కావ్యమని వీరేశలింగం పంతులుగారు ఈసడించారు. నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. మగ కవుల శృంగారానికి లేని తప్పు ఆడదాని కలానికి ఎలా వచ్చిందని పంతులుగారినే నిలదీసింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే నాటికి గాని ఆ నిషేధం తొలగలేదు.

అలాగని దేవదాసి వ్యవస్థను మెచ్చుకోలేను. చిన్నపిల్లలను గుడికి అంకితం చేసే పద్ధతి పోవలసిందే. దాన్ని ఆపాలని చట్టసభలో పట్టుబట్టిన ముత్తులక్ష్మీ రెడ్డి తల్లిది కూడా దేవదాసి కుటుంబమే. ఆ బిల్లును ఎదిరించిన వాళ్లలో నాగరత్నమ్మ ఒకరు. మా వృత్తిని వ్యభిచారంతో ఒక్క గాటన కట్టి, మా చదువును, సంగీతాన్ని, ఆస్తి హక్కును తుడిచిపెట్టకండి అన్నది ఆమె పక్షం వాదన. 1947లో చట్టం వచ్చింది. వాదన ఓడిపోయింది గాని అందులో పస లేదనలేను. అంకితం ఆగింది, మంచిదే. పాట మాత్రం గౌరవనీయుల ఇళ్లకు చేరింది, దాన్ని అంతకాలం మోసినవాళ్లు పేరు దాచుకుని బతకవలసి వచ్చింది.

ఆరాధన రోజుల్లో, అంటే జనవరి ప్రాంతంలో వెళితే పాట వినవచ్చు గాని జనంలో ఈ విగ్రహం దగ్గర నిలబడే వీలుండదు. మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి. త్యాగయ్య దర్శనం కాగానే చెప్పుల కోసం పరుగెత్తకుండా ఒక్కసారి వెనక్కి తిరిగితే ఆవిడ కనిపిస్తుంది.