214 నంబరు చెట్టు బతికే ఉంది

నిన్న రాత్రంతా అదే టెన్షన్. ఎక్సెల్ షీట్ చూస్తే మేం అడవిలో చెట్లకు నంబర్లు వేసి లెక్కపెట్టే మా మన్ననూరు ప్లాట్‌లో చిరుమాను చెట్లన్నీ ఒక్క ఏడాదిలో మాయం, వాటి బదులు టెర్మినేలియాలు (శాస్త్రీయ నామాల్లో నల్లమద్ది లాంటి చెట్ల ప్రజాతి) కొత్తగా పుట్టుకొచ్చినట్టు లెక్క. బోదె చుట్టుకొలత రెండడుగులున్న చెట్టు ఏడాదిలో ఎట్లా పుడుతుంది?

పొద్దున్నే అచ్చంపేట నుంచి బయలుదేరి, ముసురులోనే అడవిలోకి వెళ్లాం. 214 రేకు బిళ్ళ దగ్గర నిలబడ్డాను. పాత నోటుబుక్‌లో ఉన్నట్టే బూడిద తెలుపు బెరడు, నున్నగా, అక్కడక్కడ పొలుసులు రాలుతూ. చిరుమానే. ఎక్కడికీ పోలేదు.

జరిగింది ఏంటంటే, చిరుమాను ఉండే అనోగైసస్ ప్రజాతిని వృక్షశాస్త్రజ్ఞులు 2017లో టెర్మినేలియాలో కలిపేశారు, దాంతో మన చిరుమాను టెర్మినేలియా అనోగైసియానా అయింది. మా దగ్గర ఎవరో ఆ మార్పు చేస్తూ పాత పేరు చెరిపేసి, కొత్త పేరులో మొదటి మాట 'టెర్మినేలియా' ఒక్కటే ఉంచారు. నల్లమద్ది ముందునుంచీ టెర్మినేలియానే కదా, ఇప్పుడు రెండూ ఒకే గంపలో పడ్డాయి. పేరు మారడం తప్పు కాదు, చెట్టు దగ్గర నిలబడి రాసిన పేరును చెరిపేయడమే నాకు మింగుడుపడటం లేదు.

మాతో వచ్చిన చెంచు పెద్దాయన, "ఇది ఎల్లమద్ది బిడ్డా, దీని బంక మేం తీస్తం" అన్నాడు. వాళ్ల నోట్లో ఇది ఎప్పటినుంచో మద్దే! వినగానే ఒళ్లు పులకరించింది.

ఇంక ఒక్కో చెట్టే చూసుకుంటూ పోయాం. నల్లమద్ది అయితే మొసలి వీపులా పగిలిన నల్లటి బెరడు, అనుమానం వస్తే ఆకు తిప్పి తొడిమె దగ్గర ఈనె మీద రెండు చిన్న బుడిపెలున్నాయేమో చూడటం. ఏప్రిల్‌లో వచ్చి ఉంటే ఒక్క ఆకు కూడా దొరికేది కాదు.

సాయంత్రం షీట్‌లో ఫీల్డ్‌లో రాసిన పేరుకు విడిగా ఒక గడి పెట్టి తాళం వేశాను. ఇప్పటి పేరు, గుర్తుపట్టింది ఎవరు, ఏ తేదీన, హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలు దాచే చోటు) ఉన్న నమూనా నంబరు, ఇవన్నీ పక్క గడుల్లో.

231 మాత్రం చెదలు తిన్న మొద్దుగా మిగిలింది, నోటుబుక్‌లో ఆ పేజీ తడిసి సిరా కారిపోయింది. "టెర్మినేలియా, జాతి తెలియదు" అని రాసి వదిలేశాను.