షోలాపూర్‌లో దుప్పట్ల బేరం

"ఏ ఊరు బిడ్డా మనది?"

అప్పటిదాకా మరాఠీలో బేరమాడిన కొట్టు పెద్దాయన, నేను ఫోన్లో అమ్మతో మాట్లాడగానే తెలుగులోకి దిగాడు. షోలాపూర్ తూర్పు వైపు మన పద్మశాలీలే ఎక్కువ. తాతల కాలంలో నిజాం ఇలాకా నుంచి పనికోసం వచ్చినోళ్లు.

వాళ్ల నాన్న ముందు కూలికి నేశాడట, తర్వాత సొంత మగ్గం. డబ్బెక్కడిదంటే నవ్వాడు. "మా ఊరాయన నూలు ఉద్దెర ఇచ్చిండు. కాయితం లేదు, సంతకం లేదు. ఎగ్గొడితే పిల్లకు సంబంధం దొరుకుతదా?"

ఏ బ్యాంకు ష్యూరిటీ సరిపోతుంది దీని ముందు!

మగ్గం మీదే డిజైన్ నేసే జకార్డ్ పని కూడా పక్కింట్లో చూసి నేర్చుకున్నదే. అలా ఎదిగిన షోలాపూర్ చాదర్‌కి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే చట్టపరమైన ముద్ర కూడా వచ్చింది. కాకపోతే ఒకరిని చూసి ఒకరు నేస్తే కొట్టుకొట్టుకీ అదే డిజైన్. కొత్తది రావాలంటే చుట్టాల బయట కూడా నలుగురు తెలిసుండాలి. ఆయనా ఒప్పుకున్నాడు.

నాకు మింగుడుపడనిది వేరే. ఆ వాడల్లోనే ఆడవాళ్లు తరాలుగా బీడీలు చుడుతున్నారు. అదే కులం, అవే పరిచయాలు. మరి వాళ్లకి నూలు ఉద్దెర ఎవరిచ్చారని అడిగా.

"ఆళ్లకెందుకు బిడ్డా మగ్గం?" అన్నాడు.